పార్కింగ్‌లో తారు గుంత మూడోసారి లేచిపోయింది, ఇక ఏం చేయాలి?

హూడి_హరి
మాది బెంగళూరు హూడి దగ్గర 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. గేటు నుంచి బేస్‌మెంట్ ర్యాంపు దాకా, వెనక ఓపెన్ పార్కింగ్ అంతా తారే. బిల్డరు వేసి తొమ్మిదేళ్ళయింది. ఈ ఏడాది మీటింగుకి ఆలస్యంగా వెళ్ళానని నన్ను సెక్రటరీని చేసేశారు. అప్పట్నుంచి ఒకే ఒక్క గుంత నా ప్రాణం తీస్తోంది. సంపు పక్కన ఉంది, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల లోతు.
మార్చిలో సిమెంటు వేయించాం, మేలో పెచ్చులూడింది. జూన్‌లో ఒక కాంట్రాక్టరు "రోడ్డు పనిలో మిగిలిన మిక్స్ సార్, సగం రేటుకే" అని ట్రాలీలో తెచ్చి పోసిపోయాడు. ఆగస్టుకల్లా కంకర విడిపోయి స్కూటర్ల కింద గోలీకాయల్లా దొర్లింది. సెప్టెంబర్‌లో నేనే రెడీమేడ్ తారు మిక్స్ బస్తా ఒకటి తెప్పించి వాచ్‌మన్‌తో పోయించాను. మొన్నటి వానకి అదీ పోయింది.
ఇది కాక వెనక పార్కింగ్‌లో పొడుగ్గా పగుళ్ళు. కొన్నిట్లో గడ్డి మొలిచింది. ఇప్పుడు చేతిలో రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకాయన మొత్తం మీద కొత్త తారు లేయరు వేసేద్దాం అంటాడు, లక్షల్లో మాట. ఇంకొకాయన మళ్ళీ సిమెంటే అంటాడు. చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కుందనహళ్ళి_కుర్రోడు
మా రోడ్డు మీదవి రోజూ చూసే కళ్ళకి మీ గుంత కొలతలు వింటే ముద్దొస్తోంది. పేరు పెట్టి బారసాల చేయండి హరి గారూ. మార్చిలో పుట్టింది కదా, వచ్చే మార్చికి కేకు నేను పంపిస్తా.

చిత్తూరు_చిన్నోడు
రెండేళ్ళ కింద మాకూ ఇదే కథ. మేస్త్రిని "నిలబడుతుందా" అని అడిగితే "ఆగుత్తె సార్" అన్నాడు. కన్నడంలో 'అవుతుంది' అని, నేనేమో తెలుగులో 'ఆగుతుంది' అనుకుని సంతోషపడ్డా. ఆగలేదు.

మారతహళ్ళి_మూర్తి
సిమెంటు వేసినవాడు సరిగ్గా వేసి ఉండడు. గుంత చుట్టూ కొట్టి, మంచి కాంక్రీటు వేసి వారం రోజులు తడిపితే రాయిలా ఉంటుంది. తారు మీద డబ్బు తగలెయ్యొద్దు. మా ఇంటి ముందు నేను వేయించింది నాలుగేళ్ళయింది, చెక్కుచెదరలేదు.

తారుసుబ్బు
మూర్తి గారూ, మీ ఇంటి ముందున్నది తారు డ్రైవ్‌వేనా, లేక మొదట్నుంచీ కాంక్రీటా?

మారతహళ్ళి_మూర్తి
కాంక్రీటే. ఏం?

తారుసుబ్బు
అదండీ తేడా. నేను ఇరవై రెండేళ్ళుగా రోడ్డు పనుల్లో ఉన్నా. మొదట అనంతపురం వైపు, ఇప్పుడు యలహంక దగ్గర. తారు ఎండకి మెత్తబడుతుంది, బరువు పడితే కాస్త వంగి మళ్ళీ లేస్తుంది. సిమెంటు వంగదు. తారులో రెండు మూడంగుళాల సిమెంటు పలక పెడితే చుట్టూ వెంట్రుకంత సందు వస్తుంది, ఆ సందులోంచి నీళ్ళు దిగుతాయి, అంచు విరుగుతుంది. హరి గారి మార్చి పని పోయింది అందుకే.
జూన్ పని సంగతి ఇంకోటి. వేడి మిక్స్, అంటే తారు కలిపిన కంకర, ప్లాంటులో 150 డిగ్రీల పైన తయారవుతుంది. 90 డిగ్రీలకి దిగేలోపు రోలరు తొక్కడం అయిపోవాలి. 'మిగిలిన మిక్స్' ట్రాలీలో బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని మీ గేటుకి వచ్చేసరికి చల్లారిపోయి ఉంటుంది. నల్లగానే కనిపిస్తుంది, కానీ ఎంత కొట్టినా గట్టిపడదు, రాయిని రాయి పట్టుకోదు. సగం రేటుకి వచ్చేది అందుకే.
ఇక మీ బస్తా. లెక్క వేద్దాం. మూడు × రెండు అడుగులు, మూడంగుళాల లోతు అంటే 0.042 ఘనమీటర్లు. గట్టిగా కొట్టిన మిక్స్ ఘనమీటరు సుమారు 2,200 కిలోలు తూగుతుంది. అంటే 90 కిలోల పైమాట. 25 కిలోల బస్తాలు నాలుగు కావాలి. ఒక్క బస్తాతో ఎలా నింపారు?

హూడి_హరి
కింద ఇటుక ముక్కలు వేసి పైన పరిచాడు సార్ వాచ్‌మన్. నేనే సరే అన్నాను. కొట్టడం కూడా చెప్పులతోనే.

కుందనహళ్ళి_కుర్రోడు
ఇడ్లీ కింద ఇటుక పెట్టి చట్నీ పోసినట్టుంది.

తారుసుబ్బు
ఏం వేయాలో తర్వాత చెబుతా. మూడు సంగతులు చూసి రండి. ఒకటి, గుంత చుట్టూ మొసలి చర్మంలా చిన్న చిన్న గళ్ళ పగుళ్ళు ఉన్నాయా? రెండు, గునపంతో గుంత అడుగున పొడిస్తే ఠంగుమంటుందా, మెత్తగా దిగుతుందా? మూడు, అది ఎప్పుడూ తడిగా ఉంటుందా, వానొచ్చినప్పుడేనా? ఎంత దూరం దాకా మెత్తగా ఉందో కూడా చూడండి.

లెక్కల_లక్ష్మి
ఈలోపు మొత్తం మీద కొత్త లేయరు విషయం నేను చెబుతాను. సర్జాపూర్ రోడ్డులో మా అసోసియేషన్‌కి నేను ట్రెజరర్‌ని. నాలుగేళ్ళ క్రితం పాత తారు గీకకుండా దాని మీదే అంగుళంన్నర కొత్తది వేయించారు. మొదటి నెల అద్దంలా ఉంది, అందరూ ఫోటోలు దిగారు. తర్వాత తెలిసింది, డ్రైవ్‌వే పైకి లేచింది కానీ కాలువ జాలీలు, మ్యాన్‌హోల్ మూతలు పాత ఎత్తులోనే ఉండిపోయాయి. వాన నీళ్ళు కాలువలోకి పోకుండా ర్యాంపు మీదుగా బేస్‌మెంట్‌లోకి, అక్కడి నుంచి లిఫ్టు గుంతలోకి. లిఫ్టు రిపేరు బిల్లు మీద నేనే సంతకం పెట్టాను కాబట్టి బాగా గుర్తు. రెండేళ్ళకి పాత పగుళ్ళు కూడా అదే చోట, అదే వంకరతో పైకి వచ్చాయి. హరి గారూ, ఆ కొటేషన్ ఇచ్చినాయన పాతది గీకుతాడా, మూతలు పైకి ఎత్తుతాడా అడగండి. కొటేషన్‌లో ఆ రెండు లైన్లు లేకపోతే ఇంకేం చదవక్కర్లేదు.

బెల్లందూరు_భాను
లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. మా బేస్‌మెంట్‌లో ఆ ఏడాది కప్పలు పెరిగాయి.

నెల్లూరి_నాని
అందరూ తారు తారు అంటున్నారు, అది తారు కాదు బాబూ, బిటుమెన్. తారు బొగ్గు నుంచి వచ్చేది. ఇది పెట్రోలియం రిఫైనరీలో అడుగున మిగిలేది.

చిత్తూరు_చిన్నోడు
మా నాయన తారు రోడ్డనే అన్నాడు, మా తాత తారు రోడ్డనే అన్నాడు. నేను ఇప్పుడు 'బిటుమెన్ రోడ్డెక్కి బిడ్డా' అని పాడలేనప్పా.

తారుసుబ్బు
నాని చెప్పింది కరెక్టే. కానీ దుకాణంలో తారు అని అడిగినా బిటుమెనే ఇస్తారు, భయపడకండి. పెట్రోలు, డీజిలు, ఇంజను ఆయిలు పడితే అది కరిగిపోయేది కూడా అందుకే, అవన్నీ ఒకే చుట్టాలు. పార్కింగ్‌లో పాత కారు నిలబడే చోట చూడండి, ఆయిలు కారిన దగ్గర మెత్తబడి పేడలా ఉంటుంది. ఆ మెత్తటిదంతా తీసేయకుండా పైన ఏం వేసినా అతుక్కోదు.

హూడి_హరి
చూసి వచ్చాను. మొసలి చర్మం ఉంది సార్. గుంత చుట్టూ, ఇంకో నాలుగడుగుల దాకా. గునపం అరడుగు మెత్తగా దిగింది, తీస్తే బురద అంటుకుంది. రోజూ తడిగానే ఉంటుంది. వాన లేనప్పుడు కూడా ఎందుకో తెలుసా? మా వాటర్ ట్యాంకరు నిలబడేది అక్కడే. సంపుకి పైపు తగిలించే జాయింటు దగ్గర కారుతుంది. ఎండాకాలంలో రోజుకి మూడు ట్యాంకర్లు, ఇప్పుడు ఒకటి. ఇన్నాళ్ళూ రోజూ చూస్తూనే ఉన్నాను, తట్టలేదు.

తారుసుబ్బు
దొరికింది. ట్యాంకరు ఎన్ని లీటర్లది?

హూడి_హరి
12,000.

తారుసుబ్బు
నీళ్ళే 12 టన్నులు. బండి బరువు వేరే. అందులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీద. బిల్డరు కార్ల కోసం వేసిన డ్రైవ్‌వే అది. కింద నాలుగంగుళాల కంకర ఉంటే గొప్ప. దాని మీద రోజూ అదే చోట లారీ నిలబడుతుంది, అదే చోట నీళ్ళు కారతాయి. నీళ్ళు పగుళ్ళలోంచి దిగి కింద మట్టిని నానబెడతాయి. చక్రం ఎక్కినప్పుడల్లా ఆ బురద నీళ్ళు పంపు కొట్టినట్టు పైకి చిమ్ముతాయి, రాయి నుంచి తారు ఊడిపోతుంది. మీ గుంత మూడు సార్లు పోలేదండీ, అది ఒక్కసారి కూడా బాగవలేదు. పైన మూతే మార్చారు.

మారతహళ్ళి_మూర్తి
అయితే అక్కడ కాంక్రీటే కదా వేయాలి? తిరిగి నా దగ్గరికే వచ్చారు.

తారుసుబ్బు
వచ్చాను, ఒప్పుకుంటా. కానీ గుంతలో కాదు. ట్యాంకరు వెనక చక్రాలు నిలిచే చోటంతా తారు తీసేసి, మెత్తటి మట్టి గట్టినేల తగిలేదాకా తవ్వి, కంకర, డస్టు (రాతి పొడి) కొద్దిగా తడిపి నాలుగంగుళాల వరసలుగా వేసి ఒక్కో వరసా యంత్రంతో కొట్టి, దాని మీద ఎనిమిదంగుళాల కాంక్రీటు స్లాబు. నీళ్ళు నిలవకుండా మీటరుకి 2 సెంటీమీటర్లు వాలు కాలువ వైపు. స్లాబుకీ తారుకీ మధ్య జాయింటుని రబ్బరు కలిసిన సీలెంటుతో మూయాలి. కాంక్రీటుకి నీళ్ళు, ఆయిలు పడవు అన్న బాధ లేదు. తారుకి ఉంది.

మారతహళ్ళి_మూర్తి
ఈ పోస్టు ప్రింటు తీసి గోడకి పెట్టుకుంటా.

రాయచోటి_రమణ
అంత ఖర్చెందుకు, ట్యాంకరుని గేటు బయట నిలబెట్టి పొడుగు పైపు వేస్తే పోదా?

హూడి_హరి
మా వీధి వెడల్పు చూస్తే ఆ మాట అనరు రమణ గారూ. ట్యాంకరు ఆగితే స్కూలు బస్సు ఆగుతుంది. కొన్నాళ్ళంటే సర్దుకుంటాం, ఎప్పుడూ కుదరదు.

లెక్కల_లక్ష్మి
జాయింటు వాషరు మార్పించండి ముందు. అది ఇవాళే చేయొచ్చు, మీటింగు అక్కర్లేదు.

బెల్లందూరు_భాను
మామూలు గుంతల సంగతి కూడా చెప్పండి సుబ్బు గారూ. మాకు ట్యాంకరు బాధ లేదు, కావేరీ నీళ్ళు వస్తాయి. గేటు దగ్గర రెండు చిన్న గుంతలు ఉన్నాయంతే. బస్తా మిక్స్ మంచిదా కాదా?

తారుసుబ్బు
మంచిదే, పెట్టే పద్ధతిలో ఉంది అంతా. గుంత గుండ్రంగా వదిలేయకండి. చుట్టూ గట్టి తారు తగిలేదాకా చతురస్రంగా కోయాలి, అంచులు గోడలా నిటారుగా ఉండాలి. పళ్ళెంలా పల్చటి అంచుంటే అక్కడే ముందు లేస్తుంది. అడుగున బురద, దుమ్ము, ఊడిన రాయి మొత్తం ఊడ్చి ఆరనివ్వాలి. తర్వాత అడుక్కీ నాలుగు గోడలకీ ఎమల్షన్ పూత. మిక్స్ రెండంగుళాలకి మించకుండా ఒక వరస, దిమ్మిసతో కొట్టాలి, తర్వాత ఇంకో వరస. మూలలు ముందు, నడుమ తర్వాత. చివరికి చుట్టూ ఉన్న తారు కంటే అరసెంటీమీటరు ఎత్తుగా వదలండి, బళ్ళు తిరిగాక సరిసమానం అవుతుంది. పైన క్రషర్ డస్టు చల్లితే టైర్లకి అంటుకోదు.

కేఆర్‌పురం_కిరణ్
నేను ఎమల్షన్ పూసిన వెంటనే మిక్స్ పోశాను. చాక్లెట్ కలర్‌లో ఉంది, తప్పా?

తారుసుబ్బు
తప్పే. ఎమల్షన్ అంటే నీళ్ళలో కలిసిన తారు. పూసినప్పుడు గోధుమ రంగు, నీళ్ళు విడిపోయాక నలుపు. నల్లబడేదాకా ఆగాలి. ఎక్కువ పూసినా చెడ్డే, మిక్స్ దాని మీద జారుతుంది. చదరపు మీటరుకి 200 నుంచి 300 గ్రాములు చాలు.

నెల్లూరి_నాని
దిమ్మిస ఎక్కడ దొరుకుతుంది ఈ రోజుల్లో? కారుని ముందుకీ వెనక్కీ నడిపితే సరిపోదా?

తారుసుబ్బు
టైరు మూలలకి అందదు నాయనా, నడుమనే తొక్కుతుంది. చిన్న గుంతకి మందపాటి చెక్క దిమ్మకి కర్ర బిగించి కొట్టినా చాలు. పెద్దదైతే ప్లేటు కాంపాక్టరు రోజు అద్దెకి ఇస్తారు. చివర్న ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద కారు నడపండి, అది ఫినిషింగుకి.

కేఆర్‌పురం_కిరణ్
బస్తా విప్పితే కిరోసిన్ వాసన వచ్చింది. మా మేస్త్రి "వాసన తగ్గింది, గట్టిపడింది" అని ఇంకో లీటరు డీజిలు పోశాడు.

తారుసుబ్బు
అయ్యో. ఆ బస్తాల్లో చాలావాటిలో ఉండేది కట్‌బ్యాక్, అంటే పల్చన చేయడానికి కొలత ప్రకారం ద్రావకం కలిపిన తారు. ఆ ద్రావకం మెల్లగా ఆవిరై తారు గట్టిపడుతుంది, పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. డీజిలు అంత తొందరగా ఆవిరి కాదు. మీ గుంత వచ్చే ఉగాదికి కూడా హల్వాలాగే ఉంటుంది.

కేఆర్‌పురం_కిరణ్
ఉంది సార్. పక్కింటామె హీలు దిగిపోయింది నిన్న.

కుందనహళ్ళి_కుర్రోడు
మా పాల ప్యాకెట్ల కవర్లు కలిపి వేస్తే గట్టిపడుతుందంటగా? ప్లాస్టిక్ రోడ్లు.

బెల్లందూరు_భాను
మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ వాసుదేవన్ గారి పద్ధతి అది. 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ అది వేడి కంకర మీద ముక్కలు చేసిన ప్లాస్టిక్ కరిగి పూతలా పట్టాలి, ఆ తర్వాత తారు. ప్లాంటు పని. నువ్వు పార్కింగ్‌లో పాల కవర్లు కాలిస్తే పద్మశ్రీ కాదు, పోలీసులొస్తారు.

లెక్కల_లక్ష్మి
హరి గారి రెండో ప్రశ్న మరిచిపోయాం. వెనక పార్కింగ్ పగుళ్ళు.

తారుసుబ్బు
నిజమే. కింద గట్టిగా ఉండి పొడుగు పగుళ్ళే ఉంటే అవి అంత ప్రమాదం కాదు, కానీ అక్కడ్నుంచే నీళ్ళు దిగుతాయి కాబట్టి ఇప్పుడు మూస్తే రేపటి గుంత తప్పుతుంది. గడ్డి వేళ్ళతో సహా పీకండి, లేదంటే సీలెంటుని తోసుకుని మళ్ళీ వస్తుంది. బ్లోయరుతో దుమ్ము ఊదండి, ఎండనివ్వండి. 3 మిల్లీమీటర్ల లోపు సన్న పగుళ్ళకి ఎమల్షన్ పోసి రబ్బరు పట్టీతో లాగి సన్న ఇసుక చల్లితే చాలు. అంతకంటే వెడల్పుకి రబ్బరు కలిసిన బిటుమెన్ సీలెంటు, వేడి చేసి పోసేది. వేలు దూరేంత వెడల్పైతే ఎమల్షన్‌లో డస్టు కలిపిన ముద్ద కూరాలి. పగులు నోటి దాకా నింపకండి, రెండు మిల్లీమీటర్లు కిందకే ఆపండి. పొంగితే ఎండకి టైర్లు లాక్కుపోతాయి.
మొసలి చర్మం మీద మాత్రం సీలెంటు పోసి మోసపోవద్దు. అది పగులు కాదు, కింద నేల కుంగిందని చెప్పే గుర్తు. తవ్వాల్సిందే.

రాయచోటి_రమణ
పని ఎప్పుడు పెట్టుకోవాలి? అక్టోబరు వానలు ఇంకా పోలేదు.

చిత్తూరు_చిన్నోడు
సంక్రాంతికి పెట్టండన్నా. వాన ఉండదు, పైగా సగం కార్లు మన ఊళ్ళకి పోయుంటాయి. పార్కింగ్ ఖాళీ చేయమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు. మేం అట్లే చేశాం.

హూడి_హరి
ఇది బ్రహ్మాండం. మా 48లో ఇరవై ఫ్లాట్లు మనవాళ్ళవే. అప్పటిదాకా గుంతలో కంకర డస్టు కొట్టి నెట్టుకొస్తా. వాషరు ఇవాళ మార్పించాను, నలభై రూపాయలు. తొమ్మిదేళ్ళుగా కారిన నీళ్ళు నలభై రూపాయలకి ఆగాయి.

హూడి_హరి
ఫిబ్రవరి. ఏం జరిగిందో చెబుదామని వచ్చాను.
సంక్రాంతి వారంలో పని జరిగింది. తవ్వితే అడుగున్నర దాకా నల్ల బురద, బిల్డరు వేసిన కంకర మూడంగుళాలు కూడా లేదు. 12 × 9 అడుగుల స్లాబు, ఎనిమిదంగుళాలు. గోనెసంచులు కప్పి రెండు వారాలు తడిపాం. ట్యాంకరుని నాలుగు వారాలు బయటే ఆపాం, పొడుగు పైపు అద్దెకి తెచ్చి, పొద్దున ఐదింటికి, స్కూలు బస్సు రాకముందే. తిట్లు తిన్నాను, అది వేరే సంగతి. చుట్టూ మొసలి చర్మమంతా చతురస్రంగా కోసి, కింద గట్టి చేసి, బస్తా మిక్స్ వేశాం, 26 బస్తాలు పట్టాయి. పగుళ్ళు కూడా అయ్యాయి. అన్నీ కలిపి మాకు లక్ష లోపే అయింది. మొత్తం మీద లేయరు కొటేషన్‌లో నాలుగో వంతు.
తప్పులూ జరిగాయి. ఒక ప్యాచ్ మూడంగుళాలు ఒకే వరసలో పోసేశారు, నేను టీకి వెళ్ళిన పది నిమిషాల్లో. అది ఇప్పటికే అరంగుళం కుంగింది. ఇంకో ప్యాచ్ మీద బుల్లెట్టు సైడ్ స్టాండు దిగబడి గుండ్రంగా బొక్క పడింది.

తారుసుబ్బు
కుంగినదాన్ని ఇప్పుడు ముట్టుకోకండి, ఒక నెల ఎండ తిననివ్వండి. తర్వాత ఎమల్షన్ పూసి పైన పల్చటి వరస వేద్దాం. బుల్లెట్టాయనకి స్టాండు కింద పెట్టుకోడానికి చెక్క ముక్క ఇవ్వండి. కొత్త ప్యాచ్ మీద కారు నిలబెట్టి స్టీరింగు తిప్పొద్దని బోర్డు కూడా పెట్టండి, నిలబడ్డ చోటే తిప్పితే పైపొర చీరుకుపోతుంది.

మారతహళ్ళి_మూర్తి
స్లాబు ఎలా ఉంది అన్నది మాత్రం ఎవరూ అడగరు.

హూడి_హరి
రాయిలా ఉంది మూర్తి గారూ.

కుందనహళ్ళి_కుర్రోడు
మరి మార్చి పుట్టినరోజుకి కేకు ఆర్డరిచ్చాను, రద్దు చేయమంటారా?

హూడి_హరి
ఉంచు. జూన్ వాన ఒకటి దాటనీ.